మిల్లువారి ఆది జాకెట్టు

ఆది జాకెట్టు అబద్ధం చెబుతుందని నాకు పెళ్ళయిన కొత్తల్లోనే తెలిసింది. మనుషులు అబద్ధం చెబితే మొహంలోనో గొంతులోనో ఎక్కడో ఓ చోట దొరికిపోతారు. గుడ్డ దొరకదు. మడతపెట్టి చేతికిస్తే బుద్ధిమంతురాలిలా పడుంటుంది. దాన్ని నమ్మి కుట్టినవాడు దొంగవుతాడు, పంపినవాళ్ళు మాత్రం పెద్దమనుషులుగానే ఉంటారు.

మిషను కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఒకసారి కుట్టించుకున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలండీ? పేచీకోరు మనుషుల్ని ఎలా నిలబెట్టుకోవాలి?" అని అడుగుతుంటారు. ఓర్పుండాలమ్మా అని చెబుతానని వాళ్ళ ఆశ. నా దగ్గర ఓర్పు లేదు, ఎన్నడూ లేదు. మా ఇంట్లో ఉన్న ఓర్పంతా నాన్నే వాడేసుకున్నాడు, నాకు మంట మిగిల్చాడు. ఆ మంట ఎక్కడ మొదలైందో చెబుతాను. అందులో వాళ్ళకి పనికొచ్చేది వాళ్ళే ఏరుకోవచ్చు.

అవి యుద్ధం రోజులు. బెజవాడ వన్‌టౌన్లో కాలువకి దగ్గరగా ఉన్న బట్టల బజారులో, ఒక షావుకారు కొట్టు అరుగుమీద నాన్న మిషను ఉండేది. మేము బందరు వైపు నేతపనివాళ్ళం. మగ్గం కూడు పెట్టడం మానేశాక, నేను ఇంకా పుట్టకముందే, నాన్న మిషను నేర్చుకుని బెజవాడ వచ్చేశాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా ఆయనకి రైల్వే లోకోషెడ్డులో పని. ఇల్లరికం అంటే ఆయనకి కోపమొచ్చేది గానీ, కాపురం మాత్రం నాన్న ఇంట్లోనే. ఇంట్లో ఇంకో పాత మిషను ఉండేది. అరుగుమీదికి వచ్చిన ఆడవాళ్ళ జాకెట్లలో సగం నేనే ఇంట్లో కూర్చుని కుట్టేదాన్ని. ఊరికి మాత్రం అవన్నీ నాన్న కుట్టినవే.

అప్పట్లో ఆడవాళ్ళ ఒంటిమీద టేపు పెట్టి కొలవడం లేదు. మగ దర్జీ కొలవడం ఎలాగూ లేదు, ఆడదాన్నయినా కొలవనిచ్చేవాళ్ళు కాదు. మనిషిని కొలిచేది పాడె కట్టేటప్పుడే అనేవాళ్ళు పెద్దవాళ్ళు. అందుకని ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి గుడ్డతోపాటు పంపేవాళ్ళు. అదే ఆది. దాన్ని పరిచి, దాని ప్రకారం కత్తిరించి కుట్టాలి. పని అయ్యాక కొత్త జాకెట్టు, ఆది, మిగిలిన ముక్కలు మూటకట్టి వెనక్కి పంపాలి. నాన్న దృష్టిలో ఆది అంటే షావుకారు కొట్టులో తూకపురాయి లాంటిది. దాని జోలికి ఎవరూ పోకూడదు.

ఆదిని అంత నమ్మే మనిషి కూడా ఒక జాగ్రత్త పడేవాడు. కుట్టు పక్కన లోపలివైపు గుడ్డ దండిగా వదిలేవాడు. బెజవాడ దర్జీలందరూ నాన్నని దీనికే ఎగతాళి చేసేవాళ్ళు. "ఆడవాళ్ళ ఒళ్ళు మన కాలువ లాంటిదమ్మా. నీళ్ళు వదిలినప్పుడు ఒకలా ఉంటుంది, కట్టేసినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఒక కుట్టు విప్పుకుంటే సరిపోయేలా ఉండాలి" అనేవాడు నాతో. ఒకసారి కుట్టించుకున్న ఇల్లు మళ్ళీ రావాలంటే నాన్నకి తెలిసిన మంత్రం ఇదొక్కటే. నిజానికి ఈ మంత్రం మీదే మా ఇల్లు ఏళ్ళతరబడి నడిచింది.

మా అరుగుకి కాస్త ఎగువన రైసుమిల్లు వాళ్ళ మేడ ఉండేది. వాళ్ళది దివిసీమలో భూములున్న కుటుంబం. మిల్లు పెట్టిన కొత్తల్లో మా వీధిలోనే అద్దెకున్నారు. తర్వాత పల్లెకి వెళ్ళిపోయి, మళ్ళీ చాలా ఏళ్ళకి ఇక్కడే మేడ కట్టుకుని దిగారు. ఆ ఇంటి ఇల్లాలిని వీధంతా మేడావిడ అనేది. పచ్చటి మనిషి, మాటలో కరుకు. కూరగాయలవాడు ఆవిడ గుమ్మంలో గంప దించాలంటే ముందు పుచ్చొంకాయలు ఏరిపారేసుకుని వచ్చేవాడు. పాత్రకి కళాయి పూయించుకుంటే అందులో మొహం చూసుకునిగాని కళాయివాణ్ణి కదలనిచ్చేది కాదు. వచ్చిన ఏడాదిలోనే ముగ్గురు నలుగురు దర్జీలను మార్చింది. కొత్త జాకెట్టు రాగానే మంచం మీద ఆది పరిచి, దానిమీద ఇది పరిచి, మెడకి మెడ, చంకకి చంక ఆనించి చూస్తుందని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఎవరి చేత కుట్టించుకుంటే వీధిలో ఆడవాళ్ళందరూ వాళ్ళ చేతే కుట్టించుకుంటారు. అందుకని ఆవిడ పనిమనిషి ఒకరోజు మా అరుగు దగ్గర ఆగేసరికి నాన్న మొహం వెలిగిపోయింది.

వచ్చిన గుడ్డ చిలకపచ్చ సిల్కు. గుడ్డ కంట్రోలులో ఉన్న రోజులు, మామూలు నేతగుడ్డకే జనం కొట్లముందు వరస కట్టేవాళ్ళు. అలాంటప్పుడు ఆ సిల్కు ఎక్కడ సంపాదించారో మరి. వాళ్ళ అన్నగారి గృహప్రవేశానికట. నాన్న దాన్ని నా చేతికివ్వకుండా తనే కూర్చుని కుట్టాడు. కుట్టి, ఆది మీద పరిచి చూసుకుని, మూటకట్టి తనే మేడకి తీసుకెళ్ళాడు.

నేను నాన్నకి అన్నం పట్టుకొచ్చి అరుగుమీద కూర్చుని ఉన్నాను. తొడిగి చూసుకున్నాక, ఆ జాకెట్టు చేత్తో పట్టుకుని ఆవిడ మేడ ముందు మెట్ల మీదికి వచ్చింది. నాన్న కింద వీధిలో నిలబడి ఉన్నాడు.

"నీకు ఆదిచ్చానా లేదా?" అంది.

"ఇచ్చారమ్మా."

"మరి ఇది నాకెందుకు పట్టలేదు? మిగిలిన గుడ్డ ఎక్కడ పెట్టావు?"

"లోపల ఒకసారి చూసుకోండమ్మా..." నాన్న గొంతు నాకు సరిగ్గా వినబడను కూడా లేదు.

"లోపలేముంది చూడ్డానికి? బిగించి కుట్టి గుడ్డ మిగుల్చుకుంది కాక, పైగా నన్ను చూసుకోమంటావా? దొంగబుద్ధి."

జాకెట్టు వచ్చి వీధిలో పడింది. బండి చక్రాల బాటలో, దుమ్ములో. బట్టల బజారు కదా, కొట్లన్నిటిలోంచీ తలలు బయటికొచ్చాయి. నాన్న వంగి దాన్ని తీసుకుని, దులిపి, మడతపెట్టుకుని వచ్చి మిషను సొరుగులో పెట్టాడు. అన్నం తిన్నాడు కూడా. ఆ అన్నం ఎలా దిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు. ఆవిడ అన్న మాట ఒకటి. ఆ తర్వాత వీధి అన్న మాటలు వంద. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. కన్నతల్లి గుడ్డయినా దర్జీ ముక్క మిగుల్చుకోకుండా ఉండడన్నారు. ఏళ్ళతరబడి ముక్కల మూటలు వెనక్కి తీసుకున్న ఇల్లాళ్ళే అన్నారు. ఆ ముక్కలతో చంటిపిల్లలకి గౌన్లు కుట్టించుకున్నవాళ్ళు కూడా అన్నారు.

ఆ రోజు సాయంత్రం నేను సొరుగులోంచి ఆ పచ్చ జాకెట్టు తీసి తిరగేశాను. లోపల కుట్టు పక్కన ఎప్పటిలాగే గుడ్డ దండిగా ఉంది. ఇంకా చెప్పాలంటే ఎప్పటికంటే ఎక్కువే ఉంది. పోయిందని ఆవిడ అన్న గుడ్డంతా అక్కడే ఉంది.

"నాన్నా, ఇది వీధిలో చూపిస్తే సరిపోయేదిగా?" అన్నాను.

"ఏమని చూపించను?"

"ఇదుగో మీ గుడ్డ, ఇందులోనే ఉంది అని."

నాన్న జాకెట్టు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడతపెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ పంపిన ఆది చాలా ఏళ్ళ కిందటిది. వాళ్ళు అద్దెకున్న రోజుల్లో, ఆవిడ కొత్తకాపురంలో నాన్నే కుట్టింది. తన కుట్టు తనకి తెలియదా? చూడగానే పోల్చుకున్నాడు. అది ఇప్పుడు ఆవిడకి పట్టదనీ తెలుసు. అందుకే లోపల అంత గుడ్డ వదిలాడు.

"మరి ముందే చెప్పొచ్చుగా, ఈ ఆది పనికిరాదని?"

"మీ ఒళ్ళు పెరిగిందమ్మా అని పరాయి ఆడమనిషితో నేనెలా అంటానే? వీధిలో అందరి ముందూ కుట్టు తిప్పి చూపించినా అదే అన్నట్టు కదా."

నా ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఒళ్ళు పెరిగిన సంగతి దాచడానికి ఈయన తన పరువు తీసి ఆవిడకి దుప్పటిలా కప్పాడు. ఆవిడ ఆ దుప్పటి కప్పుకుని హాయిగా మేడమీద కూర్చుంది. మర్యాద అన్నది ఎప్పుడూ కింద నిలబడ్డవాడి వంతే ఎందుకవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు.

నెల తిరక్కుండానే అరుగు దగ్గర జనం పలచబడ్డారు. షావుకారు చెడ్డవాడు కాదు, కానీ షావుకారే. "ఏమయ్యా, నా కొట్లో గుడ్డ కొన్నవాళ్ళు కుట్టుపనికి ఇంకో బజారుకి పోతున్నారు. రేపు గుడ్డ కూడా అక్కడే కొంటారు. దసరా దాకా చూస్తాను. ఈలోపు ఆ మాట మాసిపోతే సరే, లేకపోతే అరుగు ఇంకొకరికి ఇచ్చుకుంటాను. ఏమీ అనుకోకు" అన్నాడు. నాన్న తల ఊపాడు. ఆ అరుగుమీద కూర్చోవడం తప్ప నాన్నకి వేరే లోకం లేదు. ఆ అరుగు దిగితే దొంగ కాబట్టే దిగాడని ఊరంతా అనుకుంటుంది.

మర్నాడు నాన్నకి చెప్పకుండా నేను మేడ పెరటిగుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆడదాన్ని కదా, లోపలికి రానిచ్చారు. మేడావిడ వంటింటి వసారాలో పీటమీద కూర్చుని పప్పు చెరిగిస్తోంది.

"మిషనాయన కూతురివి కదూ?" అంది.

"అవునండీ. నేనూ కుడతానండీ. ఒకసారి నాకిచ్చి చూడండి."

"మీ నాన్న చేసింది చాల్లేదా?"

జవాబు గొంతుదాకా వచ్చింది, మింగేశాను. మింగడం నాకు అలవాటు లేని పని. "కుదరకపోతే గుడ్డ నేనే కొనిస్తానండీ" అన్నాను. ఎక్కడ కొంటానో నాకే తెలియదు.

ఆవిడ నవ్వింది. లోపల్నుంచి తెల్లటి నేతగుడ్డ ఒకటి, ఆది తెప్పించి నా ముందు పెట్టించింది. "నీకైనా నీతి ఉందేమో చూద్దాం" అంది.

ఆది చేతిలోకి తీసుకోగానే వేపాకు వాసన వేసింది. పెట్టె అడుగున దాచిన బట్టల వాసన అది. చంకల దగ్గర చెమట మరక లేదు, రంగు వెలవలేదు. బెజవాడ ఎండలో తొడుక్కునే జాకెట్టు అలా ఉండదు. దాన్ని తొడిగితే కొండపల్లి బొమ్మకి తొడగాలి. తలెత్తి చూస్తే ఆవిడ చేటలోకి చెయ్యి చాపింది. అప్పుడు కనబడింది. ఒంటిమీదున్న జాకెట్టు చంకలో అతుకు. కుట్టు విప్పి, వేరే గుడ్డ ముక్క వేసి, చేత్తో కుట్టిన అతుకు. దర్జీ వేసిన కుట్టు కాదు. వంకరటింకరగా, ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా. సూది పట్టడం సరిగ్గా రాని మనిషి తలుపు వేసుకుని కుట్టుకున్న కుట్టు.

అంటే ఆవిడకి తెలుసు. తన ఒళ్ళు తెలుసు, తన ఆది తెలుసు, మా నాన్న దొంగ కాదనీ తెలుసు. తెలిసీ మెట్లమీద నిలబడి వీధి వీధంతా వినేలా అంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి పాలు తాగి, మూతి తుడిచిన గుడ్డ మా నాన్న మొహాన విసిరింది. ఆ క్షణంలో చేట లాక్కుని విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. అరుగు గుర్తొచ్చి గుడ్డ తీసుకుని బయటపడ్డాను.

ఆవిణ్ణి కళ్ళతో కొలుచుకుని వచ్చాను కాబట్టి జాకెట్టు ఒంటికి సరిపోయేలా కుట్టడం కష్టం కాలేదు. కష్టమంతా ఆదితోనే. ఒంటికి సరిపోతే ఆది మీద పరిచినప్పుడు తేడా వస్తుంది. ఆదికి సరిపోతే ఒంటికి పట్టదు. దర్జీలందరూ పడిన గొయ్యి అదే. నేనేం చేశానంటే, ఆది కుట్లే విప్పేశాను. లోపల నాన్న ఏనాడో వదిలిన గుడ్డ అలాగే ఉంది. దాన్ని బయటికి లాగి, కొత్త జాకెట్టుకి సరిగ్గా సరిపోయేలా మళ్ళీ కుట్టేశాను. అది తప్పని తర్వాత నాన్న అన్నాడు. నేను ఇప్పటికీ అనుకోను. అబద్ధం చెప్పే ఆది చేత నిజం చెప్పించాను, అంతే.

తీసుకెళ్ళిన రోజు మేడలో చుట్టాలున్నారు. కూతురికి కార్తీకంలో పెళ్ళి కుదిరిందట, దివిసీమ నుంచి వదినలూ తోడికోడళ్ళూ దిగారు. అందరి ముందూ మంచంమీద ఆది పరిచింది. దానిమీద నాది పరిచింది. మెడకి మెడ, చంకకి చంక. వెంట్రుకవాసి తేడా లేదు. లోపలికెళ్ళి తొడుక్కుని వచ్చింది. చేతులు పైకెత్తింది, వెనక్కి తిరిగింది. ఆ మొహంలో సంబరం చూడాలి.

"చూశారా, కొత్తకాపురంలో ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. ఆది ఆదే, ఒళ్ళు ఒళ్ళే. ఈ ఊళ్ళో దర్జీలకే చేతకాలేదు" అంది వదినలతో. నావైపు తిరిగి, "పెళ్ళి జాకెట్లన్నీ నువ్వే కుట్టాలి" అంది. పట్టుగుడ్డలూ సిల్కు గుడ్డలూ ఒక పెద్ద మూటగా కట్టించి, పైన మళ్ళీ అదే ఆది పెట్టించింది. నా గుండె గంతులేసింది. అరుగు నిలబడింది, ఇక దసరా కాదు, ఏ పండగొచ్చినా భయం లేదు అనుకున్నాను.

మూట ఎత్తుకుంటుంటే ఆవిడ ఇంకో మాట అంది. "చేతివాటం లేకపోతే ఆది ప్రకారం ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పోనీలే, తండ్రి బుద్ధి రాలేదు నీకు."

వదినలందరూ తలలూపారు. అంతవరకూ నాన్న దొంగ అన్నది ఒకావిడ నోటిమాట. ఇప్పుడు దానికి సాక్ష్యం దొరికింది. ఆ సాక్ష్యం నేనే కుట్టిచ్చాను. అదే ఆది ప్రకారం కూతురు కుడితే కుదిరింది, తండ్రి కుడితే కుదరలేదు. మరి గుడ్డ ఏమైనట్టు? నేను వీధిలోకి వచ్చేసరికి ఆ మాట నాకంటే ముందే షావుకారు కొట్టుకి చేరింది. "కూతురు బంగారమయ్యా" అంటున్నాడు షావుకారు నాన్నతో. నాన్న తల వంచుకుని కాజాలు కుడుతున్నాడు.

ఇంటికొచ్చాక నాన్న మూట విప్పాడు. ఆది చేతిలోకి తీసుకున్నాడు, బొటనవేలితో కుట్టు తడిమాడు. వేలు ఆగిపోయింది.

"ఇది ఎవరు విప్పారు?"

చెప్పాను. నాన్న నన్ను ఎన్నడూ తిట్టింది లేదు. ఆ రోజూ తిట్టలేదు గానీ, చూసిన చూపు మాత్రం ఇంతవరకూ మర్చిపోలేదు. "తూకపురాయి అరగదీస్తే షావుకారు ఏమవుతాడో తెలుసుగా. ఆవిడ దొంగ అన్నప్పుడు నేను దొంగను కాదు కాబట్టి అన్నం తిన్నాను. ఈ రోజు నాకు అన్నం వద్దు" అన్నాడు. సూది తీసుకుని నా కుట్టు విప్పి, పాత చిల్లుల వెంటే ఆదిని ఎలా ఉన్నదలా మళ్ళీ కుట్టాడు. నా చేతిలో పెట్టాడు. "ఇచ్చిన వస్తువు ఇచ్చినట్టు తిరిగివ్వాలి. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆ తర్వాత నా ఇష్టమట. నా ఇష్టమేమిటో నాకు బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం చుట్టాలందరూ భోజనాలు చేసి పడుకున్నవేళ వెళ్ళాను. ఆవిడ ఒక్కతే మంచంమీద కూర్చుని ఆకూవక్కా వేసుకుంటోంది. పెళ్ళి గుడ్డల మూట మంచంమీద పెట్టాను. ఆది తీసి పరిచాను. నిన్న నేనిచ్చిన తెల్ల జాకెట్టు దండెం మీదుంటే అడిగి తీసుకుని ఆదిమీద పరిచాను. రెండువైపులా రెండేసి వేళ్ళ మేర బయటికొచ్చింది. ఆవిడ నమలడం ఆపేసింది.

"నిన్న సరిపోయిందిగా" అంది.

"నిన్న మీ ఆది కుట్లు విప్పి పెద్దది చేశానండీ. మా నాన్న మళ్ళీ ఎప్పటిలా చేసి పంపాడు." సొరుగులోంచి తెచ్చిన పచ్చ జాకెట్టు తిరగేసి పక్కన పెట్టాను. "ఇదీ మీదే. మీ గుడ్డ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. ఆ రోజు ఆయన చూసుకోమంది ఇదే."

ఆవిడ చాలాసేపు పచ్చ జాకెట్టునే చూసింది. చెయ్యి తెలియకుండానే చంకలో అతుకు మీదికి పోయింది. అది నేను చూశానని గమనించింది.

"చుట్టాలముందు ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"మా నాన్న వద్దంటాడు కాబట్టి."

"సరే అయిందేదో అయింది. ఆది సంగతి వదిలెయ్. నన్ను చూసే కుట్టెయ్. పెళ్ళి పనే కాదు, ఇకమీదట ఈ ఇంటి పనంతా నీదే."

అదీ వరస. నా నోరు మూయించడానికి పెళ్ళి జాకెట్లు. "మరి మా నాన్న సంగతేంటండీ?" అన్నాను.

"ఏంటి?"

"మీరు వీధిలో అన్నారు. కాదన్నమాట కూడా వీధిలోనే అనండి."

ఆవిడ మొహం గట్టిపడింది. "నేను మెట్లు దిగి వచ్చి దర్జీకి చెప్పుకోవాలా?"

"నోటితో చెప్పక్కర్లేదండీ. పెళ్ళి జాకెట్లు కుట్టించుకోవాలంటే గుడ్డలూ ఆదీ అరుగుమీదికి పంపండి. పెరటిగుమ్మంలోంచి నాకు కాదు, మా నాన్నకి. నాకిచ్చినా నేను కుట్టను."

మూట, ఆది, పచ్చ జాకెట్టు అన్నీ మంచంమీద వదిలేసి వచ్చేశాను. ధైర్యం అనుకునేరు, కాదు, కోపం. కోపం దిగాక భయం వేసింది. మా ఆయనకి చెబితే, "నీ కోపమే నీకు శత్రువు అని ఊరికే అన్నారా" అన్నాడు. నాన్నకి చెబితే కత్తెర సానపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఏ గుడ్డ కత్తిరించడానికో తెలియదు.

మేడనుంచి ఎవరూ రాలేదు. దసరా వచ్చేసింది. అమ్మవారి కొండమీదికి జనం పోటెత్తుతున్నారు, బట్టల బజారు కిటకిటలాడుతోంది, మా అరుగుమీద మాత్రం ఖాళీ మిషను. మేడ పెళ్ళి జాకెట్లు గవర్నరుపేటలో ఎవరికో ఇచ్చారని ఒక వదంతి. షావుకారు ఇంకో దర్జీని వెంటబెట్టుకొచ్చి, అరుగు చూపిస్తూ, వెలుతురు ఎటునుంచి వస్తుందో చెబుతున్నాడు. నాన్న పక్కనే లేచి నిలబడి, ఆ కొత్తాయనకి చోటిచ్చాడు. నేను మేడ వైపు చూసి పళ్ళు కొరుక్కుంటున్నాను.

అప్పుడు మేడ పనిమనిషి వీధి గుమ్మంలోంచి దిగింది. నెత్తిన పెద్ద మూట. మూటలో కాదు, మూటపైన అందరికీ కనబడేలా పరిచి ఉంది చిలకపచ్చ జాకెట్టు. పండగ జనంలో నడివీధిన నడుచుకుంటూ వచ్చింది. ఆ రంగు మా వీధికి బాగా గుర్తు. బండిబాటలో పడింది చూసిన కొట్లన్నిటిలోంచీ మళ్ళీ తలలు బయటికొచ్చాయి. ఆమె వచ్చి మూట నాన్న ముందు దించి, "పెళ్ళి జాకెట్లండీ. ఇకనుంచి ఇదే ఆది అని చెప్పమన్నారు అమ్మగారు" అంది.

షావుకారు కొత్తాయన్ని భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ నావైపు చూసి నవ్వాడు కూడా, సిగ్గులేకుండా.

పచ్చ జాకెట్టు చంకల్లో చెమట మరకలున్నాయి. తొడుక్కుంది, ఒకసారి కాదు. నాన్న దాన్ని తిరగేశాడు. పక్కకుట్టు విప్పి, ఆయన వదిలిన గుడ్డ బయటికి లాగి, మళ్ళీ కుట్టి ఉంది. అదే చెయ్యి. వంకరటింకరగా, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా. ఎవరిచేతా కుట్టించలేదు, తనే కుట్టుకుంది.

మాట మాత్రం రాలేదు. ఆ రోజు రాలేదు, తర్వాత ఆ ఇంటి పని మేం చేసినన్నేళ్ళలోనూ రాలేదు. దొంగ అన్నది నోటితో, కాదన్నది పనిమనిషి నెత్తిమీద. వీధికి అది చాలింది. నాకు చాలలేదు. ఇదీ ఒక క్షమాపణేనా, ఇంత చేసి ఇంతేనా అని నేనంటుంటే, నాన్న వినకుండా మిషను ముందు కూర్చుని, పెళ్ళి గుడ్డలు పక్కకి జరిపి, ఆ పచ్చ జాకెట్టు కుట్టు జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టాడు.

"ముందు దీన్ని సరిగ్గా కుట్టి పంపుదామే. పాపం, ఆవిడకి చెయ్యి తిరగలేదు" అన్నాడు.

పాపమట.